దిగుట తెలిసినవాడే ఎగురవలెను

నెల్లూరు పట్టణమునకు తూర్పున మైపాడు సముద్రతీరము కలదు. చీకటితో వేటకు వెళ్లిన జాలరుల పడవలు ప్రొద్దెక్కిన పిమ్మట ఒక్కొక్కటిగా తిరిగి వచ్చుచుండును. నడిసముద్రమున కబుర్లు చెప్పుకొనిన మనుష్యులే ఒడ్డు సమీపింపగానే మాటలు మాని, అలలవంక చూచుచు నిలుతురు. తీరము దాపున అలలు విరుగుచుండును. ఆ అలల నడుమనుండి పడవను తేవలెను. అది ఏమాత్రము అడ్డము తిరిగినను అల దానిని బోర్లించును. అందుచే అనుభవము గల జాలరి తొందరపడడు. అలలు విరుగు చోటికి ఆవలనే ఆగి, పెద్ద అలలను రెండింటిని మూడింటిని పోనిచ్చి, అనువైన సమయము చూచి, పడవను తిన్నగా ఒడ్డునకు నడపును. వలలో ఎంత చేప పడినదను ప్రశ్న ఆ తరువాతిది. పడవయు మనుష్యులును క్షేమముగా ఇసుకను తాకినప్పుడే ఆనాటి వేట ముగిసినట్లు.

ఆ తీరము వెంట దక్షిణముగా పోయినచో పులికాట్ సరస్సు వచ్చును. శీతకాలమున అచ్చటికి రాజహంసలు గుంపులు గుంపులుగా చేరును. అవి ఎగురునప్పుడు ఆకాశమున గులాబిరంగు తెర కదలినట్లుండును. చూడవచ్చినవారు ఆ ఎగురుటనే చూచి మెచ్చుకొందురు. కాని ఆ పక్షి దిగు విధము అంతకంటె చూడదగినది. దిగబోవు రాజహంస మొదట గాలికి ఎదురు తిరుగును. రెక్కలు పూర్తిగా విప్పి వేగము తగ్గించుకొనును. పొడవైన కాళ్లు చాచి, పలుచని నీటిలో నాలుగడుగులు పరుగెత్తి నిలుచును. గాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో అది నీటిని తాకుటకు ముందే యెరుగును.

జాలరికి ఒడ్డు ఎట్టిదో, పక్షికి నీరు ఎట్టిదో, విమానము నడుపువానికి నేల అట్టిది. లోకము ఎగిరినవానిని పొగడును. ఎంత ఎత్తునకు పోయెను, ఎంత దూరము పోయెను అని అడుగును. క్షేమముగా దిగినాడా యని అడుగువారు తక్కువ. దిగుట సహజముగా జరిగిపోవు కార్యమని పలువురి తలంపు. ఆ తలంపు పొరపాటు. అందులోను ఇంజను లేని విమానము నడుప నేర్చువారి విషయమున అది ప్రాణాపాయకరమైన పొరపాటు.

ఇంజను లేని విమానమును గ్లైడరు అందురు. దానికి పొడవైన సన్నని రెక్కలును, తేలికయైన దేహమును ఉండును. నేలమీద నిలిపిన వించి అను యంత్రము పొడవైన తాటిని వేగముగా చుట్టుకొనుచు, గాలిపటమును లేపినట్లు దానిని పైకి లేపును. లేదా ఇంజను గల మరియొక విమానము దానిని తన వెనుక తాటితో కట్టుకొని పైకి కొనిపోవును. తాడు విడిచిన క్షణమునుండి గ్లైడరు చుట్టునున్న గాలిలో ఎల్లప్పుడును కిందికే జారుచుండును. ఎండకు కాగిన నేలనుండి వేడిగాలి పైకి లేచుచున్న చోటు దొరకినచో, గద్దవలె అందులో వలయములు తిరిగి ఎత్తు సంపాదించవచ్చును. ఆ గాలి దొరకనప్పుడు ఉన్న ఎత్తే దాని ధనము. ఆ ధనమును కొంచెము కొంచెముగా వెచ్చించి దూరము కొనుచుండవలెను.

ఈ జమాఖర్చును ఎనిమిదవ తరగతి లెక్కలతోనే తెలిసికొనవచ్చును. ఒక మీటరు ఎత్తు దిగునంతలో 30 మీటర్లు ముందునకు సాగు గ్లైడరు ఒకటి ఉన్నదనుకొనుడు. అది 300 మీటర్ల ఎత్తునుండి, గాలి లేనప్పుడు, 9,000 మీటర్లు, అనగా 9 కిలోమీటర్లు పోగలదు. దాని వేగము గంటకు 80 కిలోమీటర్లు. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్ల వేగముతో వీచినచో నేలమీద దాని వేగము 60 కిలోమీటర్లే యగును. అప్పుడది పోగల దూరము నాలుగింట మూడు వంతులకు, అనగా 7 కిలోమీటర్లకు లోపుగా తగ్గిపోవును. దారిలో కిందికి దిగు గాలి తగిలినచో అదియు ఉండదు. విమానాశ్రయము 8 కిలోమీటర్ల దూరమున కంటికి స్పష్టముగా కనబడుచుండవచ్చును. కనబడినంత మాత్రమున అది చేరదగినది కాదు.

ఇంజను గల విమానమునకు ఒక సౌకర్యము కలదు. దిగుట సరిగా కుదరదని తోచినచో చోదకుడు ఇంజను వేగము పెంచి మరల పైకి లేచి, ఒక చుట్టు తిరిగి రెండవమారు ప్రయత్నించును. గ్లైడరునకు ఆ రెండవమారు లేదు. కనుక గ్లైడరు నేర్చువానికి మొదట నేర్పవలసినది ఎగురుట కాదు. ఎత్తు చేతిలో ఉండగానే దిగుటను గూర్చి నిర్ణయించుట. ఆలస్యమైన మంచి నిర్ణయముకంటె సకాలమున చేసిన సామాన్య నిర్ణయమే ప్రాణములను కాపాడును.

ఈ పాఠమును మానవజాతి తేలికగా నేర్చికొనలేదు. జర్మనీ దేశస్థుడైన ఓటో లిలియెంటాల్ 1891 మొదలు 1896 వరకు తాను కట్టిన గ్లైడరులతో కొండల మీదనుండి సుమారు రెండువేల సార్లు ఎగిరెను. తన శరీరమును ఇటునటు కదల్చి వాహనమును అదుపు చేయుట ఆయన పద్ధతి. 1896 ఆగస్టు 9వ తేదీన ఆయన గ్లైడరు గాలిలో వేగము కోల్పోయి, సుమారు 15 మీటర్ల ఎత్తునుండి నేల గూలెను. వెన్నెముక విరిగి మరునాడు ఆయన మరణించెను. పదునైదు మీటర్లనగా ఒక నిలువు తాటిచెట్టు ఎత్తు. రెండువేల సార్లు క్షేమముగా దిగిన అనుభవము కూడ ఆ ఒక్కమారు అక్కరకు రాలేదు.

అమెరికాకు చెందిన రైటు సోదరులు, విల్బరు ఆర్విల్లులు, లిలియెంటాల్ మరణవార్తను విని భయపడి మానలేదు, తెగించి దూకనులేదు. వారు ముందు తగిన చోటును వెదకిరి. కిట్టీహాక్ అను సముద్రతీర గ్రామమును ఎన్నుకొనిరి. అచ్చట గాలి నిలుకడగా వీచును. పడినను దెబ్బ తక్కువగా తగులునట్లు మెత్తని ఇసుకదిబ్బలు కలవు. 1900 మొదలు 1902 వరకు ఆ ఇసుకమీద వారు గ్లైడరులతో సాధన చేసిరి. ఒక్క 1902లోనే వందలకొలది సార్లు ఎగిరి దిగిరి. అటుపిమ్మటనే ఇంజను అమర్చి 1903 డిసెంబరు 17న ఎగిరిరి. ఇంజనుతో ఎగిరిన ఆ దినమును ప్రపంచము పండుగగా తలచును. కాని ఆ దినమునకు పునాది ఇసుకమీద దిగి దిగి నేర్చిన ఆ మూడేండ్ల ఓపికయే.

నేటి గ్లైడరు విద్యార్థికి ఇసుకదిబ్బలతో పనిలేదు. రెండు ఆసనములు, రెండు వరుసల మీటలు గల వాహనమున గురువు పక్కనో వెనుకనో కూర్చుండి నేర్పును. దిగుటకు ఒక క్రమము కలదు. మొదట దిగవలసిన చోటునకు ఒక ప్రక్కగా, గాలి వీచు దిశలోనే సాగవలెను. అప్పుడు నేలను, గాలిసంచిని, ఇతర వాహనములను చూడవలెను. పిమ్మట అడ్డముగా తిరిగి, మరల తిరిగి, గాలికి ఎదురుగా రన్‌వేకు తిన్నగా రావలెను. రెక్కలమీద లేచు బ్రేకు పలకలను తెరచినచో వాహనము త్వరగా దిగును; మూసినచో మెల్లగా దిగును. ఎత్తు కొంచెము ఎక్కువగా ఉండునట్లు వచ్చి, ఎక్కువైన దానిని ఈ పలకలతో తగ్గించుకొనుట సులభము. తక్కువ ఎత్తుతో వచ్చి, లేని ఎత్తును తెచ్చుకొనుట ఎవ్వరికిని సాధ్యము కాదు.

నేల సమీపమున గాలి చెట్లకు, ఇండ్లకు, నేలకు రాచుకొని మందగించును. పై ఎత్తున బలముగా వీచు ఎదురుగాలి కిందికి వచ్చుసరికి తగ్గిపోవుటచేత, దిగుచున్న గ్లైడరు రెక్కమీదుగా పోవు గాలివేగము కూడ హఠాత్తుగా తగ్గును. అందుచే గాలి బలముగా ఉన్న దినమున కొంత అధికవేగముతో దిగవలెనని గురువులు చెప్పుదురు. ఈ కారణము తెలియని విద్యార్థికి ఆ మాట చాదస్తముగా తోచును. తెలిసినవానికి అది కవచము.

అసలైన అపాయము మనస్సులో పుట్టును. ఎత్తు తరిగినది, రన్‌వే ఇంకను దూరమున ఉన్నది. అప్పుడు విద్యార్థి ఏమి చేయును? తెలియకయే ముక్కును పైకెత్తును. పైకెత్తినచో దూరము పోవునని కంటికి తోచును. నిజమునకు జరుగునది వేరు. ముక్కు లేచినకొలది వేగము తగ్గును. ఒక హద్దు దాటినంతనే గాలి రెక్కనంటి ప్రవహింపక చెదరిపోవును. రెక్క పట్టు తప్పును. దీనిని విమానశాస్త్రమున స్టాల్ అందురు. ఎత్తున జరిగినచో ముక్కు దించి వేగము తెచ్చుకొని బయటపడవచ్చును. నేల దాపున ఆ అవకాశము లేదు. తక్కువ ఎత్తున తొందరగా మలుపు తిరుగబోవుటయు ఇట్టిదే. ఒక రెక్క ముందుగా పట్టు తప్పి వాహనము గింగిరాలు తిరుగుచు పడును. ఎట్లయిన బయలుదేరిన చోటికే చేరవలెనను పట్టుదల, తోటివారు నవ్వుదురను సిగ్గు, ఈ రెండును కలసి చేయించు పని యిది.

నెల్లూరు తీరపు గాలి ఈ విషయమున చక్కని ఉపాధ్యాయుడు. వేసవిలో పెక్కు దినములు ఉదయమున పడమటినుండి పొడిగాలి వీచును. నేల కాగును, వేడిగాలి పైకి లేచును, గద్దలు రెక్క కదల్పక తేలుచుండును. మధ్యాహ్నమునకు సముద్రమునుండి చల్లగాలి బయలుదేరును. వడకు అలసిన జనులకు అది ప్రాణము లేచి వచ్చినట్లుండును. కాని ఆకాశమున నున్న గ్లైడరు చోదకునకు అది హెచ్చరిక. చల్లగాలి పరచుకొనిన మేర పైకి లేచు వేడిగాలి అణగిపోవును. ఉదయమున పడమటివంక తిరిగి దిగవలసిన వాడు మధ్యాహ్నమున తూర్పువంక తిరిగి దిగవలెను. ఉదయము నేర్చిన దిక్కునే నమ్ముకొని వచ్చినవాడు వెనుకగాలితో నేలను సమీపించును; వాహనము రన్‌వే మీద ఆగవలసిన చోట ఆగదు. తీరమునకు చేరువలో పాఠము కంఠస్థము చేయుట చాలదు. ప్రతి దినమును, ప్రతి గడియయు గాలిని మరల చూడవలెను.

అట్లే అచ్చటి నేలయు. పైనుండి చూచినచో రొయ్యల గుంటలు అద్దములవలె సమతలముగా కనబడును. కాని వాటి చుట్టును ఎత్తైన గట్లు, స్తంభములు, తీగలు ఉండును. పచ్చని వరిచేను మెత్తని తివాచీవలె ఉండును. అడుగున బురదయు, నడుమ గట్లును కలవు. కరెంటు తీగ పైనుండి కనబడదు. స్తంభముల వరుసను బట్టి దానిని ఊహింపవలెను. కోత ముగిసి ఎండిన పొడవైన మడి, చుట్టు సరుగుడు తోట లేని బయలు, ఇవి కొంత మేలు. ఇట్టి చోటును వందల మీటర్ల ఎత్తున ఉండగానే ఎన్నుకొనవలెను. ఎత్తును చూపు సాధనము బయలుదేరిన చోటినుండి లెక్కించి చూపును గాని, అడుగుననున్న పొలము ఎత్తు దానికి తెలియదు. కనుక కడపట కన్నే ప్రమాణము.

ఈ తీరముననే, ఇంజను లేక దిగుటను గూర్చి మన దేశము చేసిన గొప్ప ప్రయత్నము ఒకటి ఆరంభమైనది. శ్రీహరికోట ద్వీపము 2022లో జిల్లాల పునర్విభజన జరుగువరకు నెల్లూరు జిల్లాలో ఉండెను. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నది. ఉపగ్రహములను పంపు కేంద్రముగా దానిని ఎల్లరును ఎరుగుదురు. పంపిన రాకెట్టు సాధారణముగా తిరిగి రాదు. తిరిగి వచ్చి మరల పనికివచ్చు వాహనమును నిర్మింపవలెనని భారత అంతరిక్ష పరిశోధన సంస్థ సంకల్పించెను. 2016 మే 23వ తేదీ ఉదయమున రెక్కలు గల చిన్న వాహనమును ఒక రాకెట్టుపై నిలిపి శ్రీహరికోట నుండి పైకి పంపిరి. అది సుమారు 65 కిలోమీటర్ల ఎత్తునకు లేచి, శబ్దవేగమునకు సుమారు ఐదురెట్లు వేగముతో వాతావరణమున ప్రవేశించి, గ్లైడరువలె జారుచు, తీరమునకు సుమారు 450 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతమునందు ముందుగా నిర్ణయించిన చోటునకు చేరెను. ఆనాడు దానికి దిగుటకు రన్‌వే లేదు, సముద్రమే గమ్యము. ఎగురుట నేర్చినది; నేలమీద దిగుట ఇంకను నేర్వలేదు.

దిగుట నేర్పుటకు ఏడేండ్లు పట్టెను. కర్ణాటకములోని చిత్రదుర్గము సమీపమున చళ్లకెరె యను చోట పొడవైన రన్‌వే కలదు. 2023 ఏప్రిల్ 2న అట్టి వాహనమును వైమానికదళపు హెలికాప్టరు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తునకు కొనిపోయి విడిచెను. అందులో మనుష్యుడు లేడు. వాహనము తనంతట తానే దారి చూచుకొని రన్‌వే మీద దిగెను. 2024 మార్చి 22న పరీక్షను కఠినము చేసిరి. వాహనమును రన్‌వేకు తిన్నగా గాక 150 మీటర్లు ప్రక్కగా విడిచిరి. అదియు సరిదిద్దుకొని దిగెను. దానికి పుష్పక్ అని పేరు. 2024 జూన్ 23న 500 మీటర్లు ప్రక్కగా, బలమైన గాలిలో విడిచిరి. అప్పుడును అది గంటకు 320 కిలోమీటర్లకు మించిన వేగముతో నేలను తాకి క్షేమముగా నిలిచెను. మార్చిలో దిగిన దేహమునే జూన్‌లో మరల ఉపయోగించిరి. చక్కగా దిగినది గనుకనే మరల ఎగురగలిగినది.

ఈ మూడు పరీక్షల క్రమమును శ్రద్ధతో చూడవలెను. మొదట సులభము, పిమ్మట కొంత కష్టము, ఆ పిమ్మట మరింత కష్టము. ఒక మెట్టున కుదురుకొనిన తరువాతనే పై మెట్టు. మనుష్యుడు లేని యంత్రమునకే ఇంత ఓపికతో దిగుట నేర్పినప్పుడు, తల్లిదండ్రులు గల బాలునకో బాలికకో నేర్పునప్పుడు అంతకంటె తక్కువ ఓపిక చూపుట న్యాయమా?

మన దేశమున గ్లైడరు విద్యకు చరిత్ర కలదు. పూణే సమీపమున హడప్సరులో గ్లైడింగు కేంద్రము కలదు. ఎన్.సి.సి. వైమానిక విభాగమునకు చెందిన యువతీయువకులు పలువురు ఆకాశమును మొదట గ్లైడరునుండియే చూచిరి. ఇట్టి శిక్షణ ఎక్కడ జరిగినను మూడు నియమములు పాటింపవలెను. మొదటిది: విద్యార్థి ఎన్ని గంటలు ఎగిరెనను లెక్కకంటె, భిన్నమైన గాలులలో ఎన్నిమార్లు నిర్ణయించిన చోట దిగెనను లెక్క ముఖ్యము కావలెను. రెండవది: తాడు తెగినప్పుడు ఏమి చేయవలెనో గురువు పక్కనుండగానే మరల మరల సాధన చేయింపవలెను. తక్కువ ఎత్తున తెగినచో ముక్కు దించి, వేగము నిలుపుకొని, ఎదుటి నేలమీదనే దిగవలెను; వెనుకకు తిరుగబోరాదు. ఇది ఆలోచించి చేయు పనిగా గాక అలవాటుగా మారవలెను. మూడవది: పొలములో దిగి వచ్చిన విద్యార్థిని ఎవ్వరును పరిహసింపరాదు. దిగునప్పుడు తాను చేసిన తప్పును తానే చెప్పిన విద్యార్థిని శిక్షింపరాదు. తప్పు దాచినచోట రెండవ విద్యార్థి అదే తప్పు చేయును.

ఈ మూడవ నియమమే అన్నిటికంటె గొప్పది. పాటించుటకు కష్టమైనదియు అదియే. రన్‌వే చేరలేనని గ్రహించి, 300 మీటర్ల ఎత్తుననే మంచి పొలము నెన్నుకొని దిగినవాడు ఓడిపోయినవాడు కాడు. వాని వాహనమును బండిమీద తేవలసివచ్చును, మధ్యాహ్నభోజనము ఆలస్యమగును, రైతునకు సమాధానము చెప్పుకొనవలెను. కాని సాయంకాలమునకు ఇల్లు చేరును. అతనిని చూచి నవ్విన స్నేహితులు, తాము తెలియకయే మరియొకనిని రన్‌వే వైపు ముక్కెత్తి జారునట్లు ప్రోత్సహించుచున్నారు. నవ్వు కూడ కొన్ని వేళల ప్రమాదకారణమగును.

దీనికి ఎదురుమాటలు లేకపోలేదు. అతిజాగ్రత్త నేర్పినచో పిరికివారు తయారగుదురని కొందరందురు. పిరికితనము వేరు, ముందుచూపు వేరు. పిరికివాడు ఎగురడు, ముందుచూపు గలవాడు ఎగిరి తిరిగి వచ్చును. నేడు మంచి సాధనములు వచ్చినవి, కొన్ని గ్లైడరులకు చిన్న ఇంజనులును ఉన్నవి, ఇంత చింత యేల అని మరికొందరందురు. సాధనములు మేలే. కాని ఆ చిన్న ఇంజను కదలకపోవచ్చును. అది కదలునను ఆశతో ఎత్తును పోగొట్టుకొనినవాడు, అది కదలనప్పుడు ఏ పొలమును చేరజాలడు. సాధనము నిర్ణయమునకు సహాయము చేయును గాని, నిర్ణయమునకు బదులు నిలువదు.

గ్లైడరునందు నేర్చిన ఈ బుద్ధి పెద్ద విమానములను కూడ కాపాడినది. 1983 జూలై 23న కెనడా దేశమున 69 మందితో పోవుచున్న బోయింగు 767 విమానమున ఇంధనము ఆకాశముననే అయిపోయెను. పౌనులకు కిలోగ్రాములకు గల భేదమును మరచి ఇంధనము లెక్కించుట అందుకు కారణము. రెండు ఇంజనులును ఆగినవి. చోదకుడు రాబర్టు పియర్సన్‌కు గ్లైడరు నడిపిన అనుభవము కలదు. మొదట వారు విన్నిపెగ్ నగరమువైపు సాగిరి. సహచోదకుడు ఎత్తును, దూరమును లెక్కకట్టి అచ్చటికి చేరజాలమని చెప్పెను. వెంటనే వారు పట్టు విడిచి, దాపుననున్న గిమ్లీ అను పాత వైమానిక స్థావరమునకు తిరిగిరి. ఎత్తు ఎక్కువగుటచే పియర్సన్, గ్లైడరు చోదకులు చేయునట్లు, విమానమును ప్రక్కవాటుగా జారించి ఎత్తు తగ్గించి దిగెను. ఒక్కరును మరణింపలేదు.

2009 జనవరి 15న న్యూయార్కు నగరమున 155 మందితో లేచిన విమానమునకు పక్షుల గుంపు తగిలి రెండు ఇంజనులును శక్తి కోల్పోయినవి. చోదకుడు సలెన్‌బర్గర్ కూడ గ్లైడరు విద్య తెలిసినవాడే. బయలుదేరిన విమానాశ్రయము అందని దూరమని తోచగానే ఆయన హడ్సన్ నదిమీద దిగుటకు నిశ్చయించెను. అందరును బ్రతికిరి. తరువాత విచారణ జరిపినవారు యంత్రములపై అదే స్థితిని కల్పించి పరీక్షించిరి. పక్షులు తగిలిన తక్షణమే వెనుకకు తిరిగినచో కొన్ని ప్రయత్నములలో విమానాశ్రయము చేరగలిగిరి. పరిస్థితి తెలిసికొని నిర్ణయించుటకు మనుష్యునకు పట్టు కాలము 35 సెకన్లు కలిపి చూడగా చేరలేకపోయిరి. వెనుకకు చేరవలెనను ఆశను ఆయన విడువకున్నచో ఏమగునో ఊహింపవచ్చును.

మహాభారతమున అభిమన్యునకు పద్మవ్యూహమున ప్రవేశించుట తెలియును. వెలుపలికి వచ్చుట తెలియదు. అతని శౌర్యమును తలచి లోకము నేటికిని కన్నీరు పెట్టును. కాని ఆ కథలో తప్పు ఆ బాలునిది కాదు. సగము విద్య తెలిసినవానిని వ్యూహములోనికి పంపిన పెద్దలది. ఎగురుట నేర్పి దిగుట సగముగా నేర్పు గురువులు, ఎత్తును మెచ్చి క్షేమమును మెచ్చని పెద్దలు, అట్టి తప్పునే చేయుచున్నారు.

ఈ చదువు చదువు బాలబాలికలలో ఎందరో ఒకనాడు ఆకాశమునకు లేవవచ్చును. లేవవలెను కూడ. ఆ దినమున వారిని సాగనంపువారు ఎంత ఎత్తునకు పోయెదరని అడుగుటకు మారుగా, ఎచ్చట దిగెదరు, గాలి మారినచో ఎచ్చట దిగెదరు అని అడుగుదురుగాక. మైపాడు ఒడ్డున నిలిచిన జాలరి భార్య సముద్రమువంక చూచుచు లెక్కించునది చేపలను కాదు. తిరిగి వచ్చుచున్న పడవలను.